'పరిపాలన లేఖలు' ఎవరు రాశారు?

సందేహం: మా చిన్నాన్న వీలునామా రాయకుండా కాలం చేశారు. కోర్టు మా పిన్నికి లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ (పోయినవారి ఆస్తి వ్యవహారాలు చూసే అధికారమిచ్చే పత్రం) ఇచ్చింది. బాకీల విషయమై పత్రికలో ప్రకటన వేయాలి. ముసాయిదాలో 'పరిపాలన లేఖలు పొందిన మృత ఎస్టేట్ వీలునామా నిర్వాహకురాలు' అని ఉంది. ఇది సరైన తెలుగేనా?

సమాధానం: కాదు. ముందు 'మృత ఎస్టేట్' సంగతి చూద్దాం. పోయింది మనిషి, ఆస్తి కాదు. కాబట్టి 'మృతుని ఆస్తి' అనాలి. పైగా ఎస్టేట్ అనగానే మనకు 1948 చట్టంతో రద్దయిన జమీందారీలు గుర్తొస్తాయి, లేదంటే ప్లాట్లమ్మే రియల్ ఎస్టేట్. కోర్టు భాషలో అది పోయినాయన ఇల్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్, రావలసిన బాకీ అన్నీ కలిపిన మాట. వాటిలోంచే ఆయన అప్పులూ తీర్చాలి.

ఇక 'వీలునామా నిర్వాహకురాలు'. వీలునామాయే లేనప్పుడు ఈ మాట ఎలా కుదురుతుంది? 1925 నాటి భారత వారసత్వ చట్టంలో ఇద్దరు వేరువేరుగా ఉన్నారు. వీలునామాను అమలు చేయమని రాసినాయనే పేరు పెట్టి అప్పగించిన మనిషి ఎగ్జిక్యూటర్. అలాంటివారు లేనప్పుడు కోర్టు నియమించే మనిషి అడ్మినిస్ట్రేటర్. మొదటివారిని 'వీలునామా అమలుదారు' అనండి, రెండోవారిని 'ఆస్తి నిర్వాహకులు' అనండి. ఒకరికి అధికారం పోయినాయన మాటతో వచ్చింది, ఇంకొకరికి కోర్టు ఉత్తర్వుతో వచ్చింది. ఈ తేడా పేరులోనే తెలియాలి.

'వారసురాలు' అని సరిపెట్టడం కూడా పొరపాటే. మీ పిన్నిగారు వారసురాలు కావచ్చు, కానీ నిర్వాహకురాలి పని వేరు. ఆరు నెలల్లో ఆస్తి, అప్పుల జాబితా, ఏడాదిలో జమాఖర్చు కోర్టుకు దాఖలు చేయాలి. తన సొంత సొమ్ముకు ఎవరూ కోర్టుకు లెక్క చెప్పరు కదా! 'కర్త' అందామంటే, కర్మ చేసేవాడూ కర్తే, ఉమ్మడి కుటుంబ పెద్దా కర్తే. ఆ మాట మీద మూడో బరువు పెట్టొద్దు.

'పరిపాలన లేఖలు' చదివితే ఏ రాజుగారో సామంతులకు రాసిన ఉత్తరాలనిపిస్తుంది. ఇంగ్లీషులో బహువచనమే అయినా చేతికొచ్చేది ఒక్క పత్రమే. 'ఆస్తి నిర్వహణాధికార పత్రం' అంటే చాలు. బ్యాంకువాళ్లకు అర్థం కాదన్న టెన్షన్ ఉంటే పక్కన 'లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్' అని తెలుగు లిపిలోనే రాయండి.

ప్రకటన ఇలా ఉంటే బాగుంటుంది: 'కీ.శే. ఫలానా గారి ఆస్తికి నన్ను కోర్టు నిర్వాహకురాలిగా నియమించింది. వారికి బాకీ చెల్లించవలసినవారు, వారి నుంచి బాకీ రావలసినవారు నాకు తెలియజేయగలరు.' 'బాకీ ఉన్నవారు' అని ఊరుకుంటే అప్పిచ్చినవాళ్లు అది తమకు కాదనుకుంటారు. 'ఫలానా గారి యొక్క' అని మాత్రం రాయకండి; 'గారి'లోనే ఆ 'యొక్క' ఉంది.