యాంగ్జైటీకి సదరం సర్టిఫికెట్ ఇస్తారా? నాకు ఇచ్చారు, ఎలాగో చెబుతాను

పానిక్ అటాక్స్ వల్ల ఉద్యోగం మానేశానని, యాంగ్జైటీ డిజార్డర్‌కి సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం), పింఛను వస్తాయా అని మీరు అడిగారు. ఇంట్లోవాళ్ళేమో "కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయిగా, నీకెందుకిస్తారు" అంటున్నారని కూడా రాశారు. ఇస్తారండీ. అందరికీ కాదు, కానీ ఇస్తారు. నా దగ్గర ఉంది.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, వాటిలో మానసిక అనారోగ్యం ఒకటి. అక్కడ యాంగ్జైటీ అనే పేరు కోసం వెతికితే కనబడదు, అది చూసి చాలామంది మనకు లేదులే అని ఊరుకుంటారు. కానీ ఆ నిర్వచనంలోనే, రోజువారీ బతుకులో మామూలుగా చేసుకోవాల్సిన పనులు చేసుకోలేనంతగా దెబ్బతిన్నవాళ్ళు కూడా వస్తారని ఉంది. మనం పట్టుకోవాల్సింది ఆ ముక్కనే. వైకల్యం ఎంత శాతమని వేసేది జబ్బు పేరు చూసి కాదు. ఐడియాస్ అని ఒక కొలత ఉంది, మన సైకియాట్రిస్టుల సంఘమే తయారుచేసింది. మన పనులు మనం చూసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని చేయగలగడం, ఈ నాలుగింటికీ ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కులు, ఇబ్బంది ఎంత ఎక్కువైతే మార్కులు అంత ఎక్కువ. జబ్బు ఎన్నేళ్ళ నుంచి ఉందన్నదానికి ఇంకో 4. మొత్తం 20. దాన్నిబట్టి శాతం, 40 గానీ అంతకు మించి గానీ వస్తేనే మీకు పనికొచ్చేది.

ఇంతవరకూ ఎవరైనా చెబుతారు. నేను చెప్పదలచుకున్నది వేరే. ఆ గదిలోకి మీతో ఎవరొస్తున్నారన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

మా ఊళ్ళో సచివాలయంలో స్లాట్ బుక్ చేశాం. అసలు ఆ స్లాట్ల సంగతే ఒక బాధ, ఇలా తెరుస్తారు, అలా అయిపోతాయి. డాక్టర్లు పరీక్షించే క్యాంపు రోజు ఆసుపత్రి వరండా నిండా జనం, వీల్‌చైర్లు, చంటిపిల్లలు, ఎండ, ఫ్యాన్ తిరగదు. జనంలో నిలబడలేకపోవడమే జబ్బైనవాళ్ళని జనంలోకి పిలిచి పరీక్షించడం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మానసిక సమస్యలున్నవాళ్ళకి విడిగా ఒక పూట కేటాయిస్తే ఎవరి సొమ్ము పోతుంది? మా ఆయన టోకెన్ పట్టుకుని లైన్లో నిలబడితే, పేరు పిలిచేదాకా నేను ఆటోలోనే కూర్చున్నాను. మా అత్తయ్య నా పక్కనే కూర్చుని నా చెయ్యి వదల్లేదు.

లోపల డాక్టరమ్మ చిన్న వయసావిడ, మర్యాదగానే అడిగింది. స్నానం, బట్టలు మీరే చూసుకుంటారా అంది. చూసుకుంటానండీ అన్నాను. వంట? చేస్తానండీ. రెండూ నిజమే. ఆవిడ రాసుకుంటోంది, ఆ లెక్కన నాకు సున్నాలు పడుతున్నట్టే. అప్పుడు మా అత్తయ్య అందుకుంది.

"వంట చేస్తుందమ్మా, నేను కాదనను. కానీ కాలింగ్ బెల్ మోగిందంటే పొయ్యి మీద ఏముందో కూడా చూసుకోదు, గదిలోకెళ్ళి గడియ పెట్టేసుకుంటుంది. మొన్నటికి మొన్న నేను గుడికెళ్ళొచ్చేసరికి పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాస్ వాసన వీధిలోకొచ్చింది. బెల్ కొట్టింది ఎవరో కాదు, కరెంటు బిల్లు తీసే అబ్బాయి. పిల్లాడి స్కూలు మీటింగులకి నేనే పోతున్నా. వాళ్ళమ్మకి ఆపరేషనైతే బస్సెక్కి, మళ్ళీ దిగిపోయి ఇంటికొచ్చేసింది, రాత్రంతా ఏడుస్తూనే ఉంది."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి మొదటి ప్రశ్న నుంచి మళ్ళీ అడిగింది, ఈసారి మా అత్తయ్యని.

మా ఆయన లోపలికొచ్చి ఉంటే ఏం చెప్పేవారో నాకు తెలుసు. "అప్పుడప్పుడు టెన్షన్ పడుతుందండీ, మిగతా అంతా బాగానే ఉంటుంది" అనేవారు. ప్రేమతోనే అంటారు, పరాయివాళ్ళ ముందు భార్యని తక్కువ చేసి మాట్లాడకూడదని. మగవాళ్ళు దాదాపు అందరూ అంతే, సాయంత్రం ఇంటికొచ్చేవాళ్ళకి పగలు ఏం జరుగుతుందో తెలియదు. రోజంతా మీతో ఇంట్లో ఉండే మనిషిని తీసుకెళ్ళండి, అమ్మ గానీ, అక్క గానీ, అత్తగారు గానీ. ముందు రోజు కూర్చుని మీవల్ల కానివి ఏమిటో ఇద్దరూ మాట్లాడుకోండి. నటించమని కాదు సుమా. మోసం చేసి ఈ ప్రయోజనాలు పొందితే ఆ 2016 చట్టం కిందే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. జరిగింది జరిగినట్టు చెబితే చాలు.

రెండోది మీ ఫైలు. నా పాత చీటీలన్నింటి మీదా మాత్రల పేర్లే, అవి చూపిస్తే ఎవరికేం తెలుస్తుంది? నాకు మందులిచ్చే డాక్టర్‌గారిని అడిగి, ఎప్పటి నుంచి చికిత్స, మందులు వాడుతున్నా ఇంకా ఏమేం చేయలేకపోతున్నాను అన్నది లెటర్‌హెడ్ మీద రాయించుకున్నాను. మొహమాటపడకండి. మన వైద్య రికార్డులు అడిగి తీసుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య చట్టమే ఇచ్చింది. గడప దాటలేక ఇంకా డాక్టర్ దాకా వెళ్ళకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

వచ్చేదేమిటంటారా, మన ఆంధ్రలో 40 శాతం, ఆపైన ఉన్నవాళ్ళకి ఎన్టీఆర్ భరోసా పింఛను పథకం కింద నెలకు 6,000. అయితే ఆదాయం, భూమి షరతులు తప్పవు. ఇన్‌కమ్ ట్యాక్స్ పాత పద్ధతిలో (ఓల్డ్ రెజీమ్) కట్టేవాళ్ళకి ఆదాయంలో 75,000 మినహాయింపు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉన్నా, మనకున్నది అందులో ఒక్క శాతం, అదీ ఆటిజం లాంటి ఇతర వైకల్యాలవాళ్ళతో పంచుకోవాలి. దాని మీద ఆశ పెట్టుకోకండి.

మన జబ్బుకి చాలావరకు తాత్కాలిక సర్టిఫికెట్టే ఇస్తారు, గడువయ్యాక మళ్ళీ వెళ్ళాలి. 2025లో రాష్ట్రంలో వికలాంగుల పింఛన్లన్నీ మళ్ళీ తనిఖీ చేసినప్పుడు మా వీధిలో ఒకతను పింఛను ఆపేస్తామన్న నోటీసు చేతికొస్తుందేమోనని నిద్రపోలేదు. దొంగ సర్టిఫికెట్లు పట్టుకోవాల్సిందే, కాదనను. కానీ భయమే జబ్బైన మనిషికి కాగితం మీద గడువు వేసి ఇంకో భయం అంటగట్టడం అన్యాయం, కనీసం ఐదేళ్ళైనా ఇవ్వాలి.

పెళ్ళికాని పిల్లలుంటే సర్టిఫికెట్ సంగతి బయటపడి సంబంధాలు చెడతాయని కొందరు ఆపేస్తారు. ఆ కాగితం మీ బీరువాలో ఉంటుంది, ఎవరికి చూపించాలో మీ ఇష్టం. మీరు మాత్రం ఈ వారంలోనే డాక్టర్‌గారి దగ్గర ఆ ఉత్తరం రాయించుకుని, ఆ తర్వాతే స్లాట్ కోసం సచివాలయానికి వెళ్ళండి, మీరు వెళ్ళలేకపోతే ఇంట్లో ఒకరిని ఆధార్ కార్డుతో పంపండి.