పెళ్లి కుదిరింది, పీహెచ్‌డీ ఆపేయమంటున్నారు.. ఏం చేయను మేడం?

ప్రశ్న: మేడం, నాకు 28 ఏళ్లు. మాది కర్నూలు జిల్లాలో ఒక పల్లె, నాయన రైతు. ఎంఏ పొలిటికల్ సైన్స్ చేసి జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకి నెలనెలా ఇచ్చే యూజీసీ ఫెలోషిప్) తెచ్చుకుని ఇప్పుడు పీహెచ్‌డీ మూడో ఏడులో ఉన్నా. ప్రభుత్వ ఉద్యోగులతో నడిచే గ్రామ సచివాలయాలు వచ్చాక మహిళా సర్పంచ్‌ల చేతిలో నిజంగా ఏం అధికారం మిగిలింది, నీళ్లకి రోడ్లకి వాళ్లేం చేయగలుగుతున్నారు అన్నది నా టాపిక్. ఫీల్డ్ వర్క్‌కి పోతే ఆ ఊర్లోనే రెండు మూడు రోజులు ఉండాల్సొస్తుంది, దాని మీద చుట్టాలు నానా మాటలు అంటున్నారు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేసే అబ్బాయి సంబంధం దాదాపు ఖాయమైంది. మా పిన్ని ఆ అబ్బాయి ఇంట్లోవాళ్లకి నేను లెక్చరర్‌నని చెప్పేసింది. అబ్బాయి మంచిగానే మాట్లాడతాడు, వాళ్లమ్మగారు మాత్రం పెళ్లయ్యాక ఈ ఊళ్లు తిరిగే చదువెందుకు అన్నారంట. ప్రజాస్వామ్యం మీద పరిశోధన చేస్తే అది కూడు పెడతాదా, గ్రూప్స్ రాసుకో అంటాడు చిన్నాయన. ఫెలోషిప్ కొన్ని నెలలుగా పడలేదు. గైడ్ మెయిల్‌కి జవాబివ్వడు. నాయన ఏమీ అనడు, నాతో మాట్లాడటమే తగ్గించేశాడు, నాకు అదే ఎక్కువ బాధగా ఉంది. ఈ పని వల్ల ఎవరికైనా ఉపయోగం ఉందా అని ఈ మధ్య నాకే డౌట్ వస్తోంది. ఆపేయమంటారా?

జవాబు: ఆపొద్దు తల్లీ. మూడో ఏట ఆపేస్తే చేతిలో డిగ్రీ ఉండదు, పోయిన మూడేళ్లు తిరిగి రావు, పైగా రేపు ఎప్పుడైనా కాపురంలో చిన్న మాట తేడా వస్తే నీకోసం నా చదువు మానుకున్నా అనే మాట నీ నోటి నుంచి వస్తుంది, ఆ మాట వచ్చాక ఇంట్లో ఎవరికీ శాంతి ఉండదు. నువ్వు పెళ్లి, డబ్బు, చదువు విలువ అనే మూడు సంగతుల్ని ఒకదానికొకటి ముడేసేసి అన్నీ ఒకేసారి తేలాలని కూర్చున్నావ్ గానీ అవి వేరువేరుగానే తేల్తాయి.

ముందు ఆ డౌట్ సంగతి చూద్దాం, ఎందుకంటే చుట్టాల మాటలకన్నా నిన్ను ఎక్కువ కుంగదీస్తున్నది అదే అనిపించింది నాకు.

నీ జిల్లా గురించే చెప్తా. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లా కాలువ కింద ఊళ్లల్లో తిరిగి తిరిగి 1988లో విలేజ్ రిపబ్లిక్స్ అని పుస్తకం వేశాడు. కొన్ని ఊళ్లల్లో రైతులే డబ్బులు పోగేసుకుని ఒక ఉమ్మడి నిధి పెట్టుకుని నీరుగంటోళ్లని (పొలాలకి నీళ్లు వదిలే మనుషుల్ని) పెట్టుకుని నీళ్లు పంచుకుంటున్నారు, పక్క ఊరిలో మాత్రం అలాంటిదేం లేదు, ఎందుకిలా అని ఆయన ప్రశ్న. కాలువ చివర ఉండి నీళ్లు అందుతాయో లేదో అని భయం ఉన్న ఊళ్లే ఎక్కువగా కలిసికట్టుగా నిలబడ్డాయని తేల్చాడు. కాలువ చివరి రైతు పాట్లు మీ నాయనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా, అదే సంగతిని ప్రపంచంలో అభివృద్ధి గురించి చదివేవాళ్లు ఇవాల్టికీ చదువుతున్నారు. ఎక్కడో పుట్టినాయన వచ్చి మన కాలువ గట్ల మీద తిరిగితే అది పరిశోధన, మన రైతు బిడ్డ తిరిగితే ఊళ్లు తిరిగే చదువా? నాకు నిజంగా కోపం వస్తుంది ఈ మాట వింటే.

నీ టాపిక్‌కి ఇంకా దగ్గరి సంగతి చెప్తా, నీకు తెలిసే ఉంటుంది గానీ ఇంట్లో వాళ్లకి చెప్పడానికి పనికొస్తుంది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకొచ్చాక పంచాయతీల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లవయ్యాయి (మన రెండు రాష్ట్రాల్లో ఇప్పుడు సగం). రాఘవేంద్ర ఛటోపాధ్యాయ్, ఎస్తేర్ డుఫ్లో అనే ఇద్దరు పరిశోధకులు పశ్చిమ బెంగాల్‌లో, రాజస్థాన్‌లో కలిపి 265 పంచాయతీలు చూసి 2004లో పేపర్ వేశారు. ఆడవాళ్లు సర్పంచ్‌గా ఉన్నచోట మంచినీళ్ల మీద పెట్టే ఖర్చు పెరిగిందని లెక్కలతో చూపించారు, అప్పటిదాకా అందరూ అదంతా పేరుకే, వెనక నడిపేది మొగుడే అని కొట్టిపారేసేవాళ్లు. పేదరికం మీద చేసిన ఇలాంటి పరిశోధనలకే డుఫ్లోకి ఇంకో ఇద్దరితో కలిపి 2019లో నోబెల్ ఇచ్చారు. 2012లో ఆమే ఇంకొంతమందితో కలిసి బెంగాల్‌లో 495 పల్లెల మీద ఇంకో స్టడీ చేసింది. వరసగా రెండు టర్మ్‌లు మహిళ సర్పంచ్‌గా ఉన్న ఊళ్లల్లో ఆడపిల్లల మీద తల్లిదండ్రులు పెట్టుకునే ఆశలు పెరిగాయి, చదువులో మగపిల్లలకీ ఆడపిల్లలకీ ఉన్న తేడా పోయింది, ఇంటిపనికి ఆడపిల్లలు పెట్టే టైం కూడా తగ్గింది. దీనికోసం ప్రభుత్వం వేరే స్కీమేదీ పెట్టలేదు, ఆ కుర్చీలో ఒక ఆడమనిషి కూర్చోవడమే పిల్లలకి కనపడింది.

అయితే వాళ్లెవరూ నీ ప్రశ్న అడగలేదు. మన దగ్గర 2019 అక్టోబర్‌లో సచివాలయాలు మొదలయ్యాయి, 2021లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి, గెలిచి కుర్చీలో కూర్చునేసరికి పక్కనే ఇంకో ఆఫీసు నడుస్తోంది. మరి ఆ సర్పంచమ్మ చేతిలో ఏముంది? దీనికి జవాబు ఆ ఊళ్లకి పోయి కూర్చుంటేనే దొరుకుతుంది. నీ పూర్తి ఉత్తరంలో (పైన కుదించి వేశాం) ఒక చోట రాశావ్ చూడు, పంచాయతీ ఆఫీసులో నువ్వు అడిగిన ప్రతిదానికీ సర్పంచ్ భర్తే జవాబు చెప్తూ పోయాడని, ఆయనకి ఫోన్ వచ్చి బయటికి పోగానే ఆమె కొంగు సర్దుకుని, "బోరు మోటర్ కాలిపోతే బిందెలు పట్టుకుని ఫస్టు నా ఇంటికాడికే వస్తారు పాపా, నేనే ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీర్‌కి) ఫోన్ చేసి తిట్టి బాగు చేపిస్తా, ఆయనకి ఆ నెంబరు గూడ తెల్దు" అందని. ఆ ముక్క చదివి నేను కాసేపు ఆగిపోయాను. ఆ రోజు నువ్వు సాయంత్రం బస్సుకి వచ్చేసి ఉంటే ఆ మాట నీకు దొరికేది కాదు. మీ చుట్టాలు తప్పు పడుతున్న ఆ రెండు మూడు రోజుల మకాం వల్లే ఇది దొరికింది.

ఇక మీ నాయన సంగతికొద్దాం. ఆయన మౌనాన్ని నువ్వు కోపం అనుకుంటున్నావ్. నాకైతే అలా అనిపించట్లేదు. ఊర్లో నలుగురూ కూర్చున్న చోట బిడ్డ ఇంకా ఏం చదువుతాంది అని అడిగితే ఏం చెప్పాలో ఆయనకి తెలీదు, డాక్టరో ఇంజనీరో అయితే ఒక్క మాటలో చెప్పేస్తాడు, ప్రజాస్వామ్యం అభివృద్ధి అంటే ఆయన నోటికి కూడా తిరగదు, అందుకే తప్పించుకుంటున్నాడు. ఇన్నేళ్లలో నీ పని ఏంటో ఆయనకి ఒక్కసారైనా కూర్చోబెట్టి చెప్పావా? థీసిస్ భాషలో కాదు, బోరు మోటర్ భాషలో. వచ్చేసారి ఫీల్డ్‌కి పోయేటప్పుడు ఒక్క ఊరికి నాయన్ని కూడా తీసుకుపో. నువ్వు సర్పంచమ్మతో మాట్లాడుతుంటే ఆయన అరుగు మీద కూర్చుని అక్కడి రైతులతో మాట్లాడుకుంటాడు, వచ్చేటప్పుడు బస్సులో నీకు తెలియని సంగతులు ఆయనే నీకు చెప్తాడు. ఇలా తండ్రుల్ని తీసుకెళ్లిన అమ్మాయిలు నాకు తెలుసు, వాళ్ల ఇళ్లల్లో మాట తీరే మారిపోయింది.

చిన్నాయన అన్న కూడు సంగతి మాత్రం తీసిపారేయకు, అది న్యాయమైన ప్రశ్నే. జేఆర్‌ఎఫ్ 2023 నుంచి నెలకి 37 వేలు, రెండేళ్లు దాటి ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయితే 42 వేలు, మొత్తం కలిపి అయిదేళ్లు. అది లేటుగా పడటం నీ ఒక్కదాని సమస్య కాదు, యూనివర్సిటీలో అటెండెన్స్, కంటిన్యుయేషన్ కాగితాలు ప్రతినెలా వెళ్తున్నాయో లేదో నువ్వే సెక్షన్‌కి పోయి చూసుకో, ఎస్‌ఆర్‌ఎఫ్ అప్‌గ్రేడ్ కాగితం పోయిందా లేదా కూడా అడుగు, చాలాసార్లు అక్కడే ఆగుతుంది. పీహెచ్‌డీ అయ్యాక అసిస్టెంట్ ప్రొఫెసర్ బేసిక్ 57,700తో మొదలవుతుంది, కానీ పర్మనెంట్ పోస్టుల నోటిఫికేషన్లు ఏళ్ల తరబడి రావు, ఈలోపు గెస్ట్ ఫ్యాకల్టీ జీతాలతో ఈడ్చుకొచ్చేవాళ్లు బోలెడు మంది ఉన్నారు. ఇది నీకు దాచిపెట్టి ధైర్యం చెప్పడం నాకిష్టం లేదు. అందుకని ఒక్క సర్కారు కొలువు మీదే కూర్చోకు. ఢిల్లీలో సీఎస్‌డీఎస్, హైదరాబాద్‌లో సెస్, రాజేంద్రనగర్‌లో ఎన్‌ఐఆర్‌డీ, బెంగళూరులో ఐసెక్, అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ, మన శ్రీసిటీలో క్రియా యూనివర్సిటీ ఇవన్నీ నీ సబ్జెక్ట్ మనుషులు పనిచేసే పరిశోధన సంస్థలు, యూనివర్సిటీలే. నీకు తెలుగు పల్లెతో మాట్లాడటం వచ్చు, దానికి తోడు సర్వే డేటా పట్టుకుని స్టాటా గానీ ఆర్ గానీ (ఈ రెండూ డేటా లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్లు) నడపటం నేర్చుకుంటే నిన్ను వద్దనేవాళ్లు తగ్గుతారు. మన ఉమ్మడి రాష్ట్రంలోనే ఉపాధి హామీ కూలీ డబ్బులు స్మార్ట్‌కార్డుతో ఇస్తే ఏమవుతుందో 157 మండలాల్లో పరీక్షించి చూశారు, అలాంటి పనులకి ఇంటింటికీ పోయి తెలుగులో అడిగేవాళ్లు ఎంత అవసరమో ఆలోచించు. గ్రూప్స్ రాయాలని నీకే మనసైతే రాయి, అది వేరే సంగతి, కానీ ఇంట్లో గొడవ ఆపడానికి మాత్రం రాయకు.

గైడ్ విషయంలో మెయిల్ మానేసి డిపార్ట్‌మెంట్‌లో ఆయన ఉండే టైం చూసుకుని రాసిన చాప్టర్ ప్రింట్ తీసుకుని ఎదురుగా కూర్చో. ఆరు నెలలకోసారి రీసెర్చ్ కమిటీ ముందు ప్రోగ్రెస్ చెప్పాలి కదా, అప్పటికీ ఆయన కదలకపోతే ఆ కమిటీలోని మిగతా సభ్యులతో మాట్లాడు.

పెళ్లికొద్దాం. బెంగళూరు అబ్బాయి అని నువ్వు భయపడుతున్నావ్ గానీ నాకు అది మంచిదే అనిపిస్తోంది, కర్నూలు నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతావ్, నీ సబ్జెక్ట్ సంస్థలు ఆ ఊర్లో ఉన్నాయి. ఇంకో సంగతి చాలామంది ఆడపిల్లలకి తెలీదు, 2022 యూజీసీ పీహెచ్‌డీ రూల్స్‌లో పెళ్లయి వేరే ఊరు పోయే అమ్మాయి తన పరిశోధనని ఆ ఊరి యూనివర్సిటీకి మార్చుకునే వీలుంది, దానికి కొన్ని షరతులున్నాయి, అవి చదువుకో. మామూలు గడువు ఆరేళ్లయితే ఆడవాళ్లకి అదనంగా రెండేళ్ల సడలింపు ఉంది, బిడ్డ పుడితే 240 రోజుల దాకా సెలవుంది. అంటే పెళ్లా పీహెచ్‌డీయా అని ఎంచుకోమని రూల్స్ నిన్ను అడగట్లేదు, మనుషులే అడుగుతున్నారు. కాబట్టి మనుషులతోనే తేల్చుకోవాలి.

వాళ్లమ్మగారి మాట నీకు ఎవరి ద్వారానో తెలిసింది, అబ్బాయి మాట మాత్రం నువ్వు నేరుగా వినాలి. "నా చదువుకి మీకేం అభ్యంతరం లేదు కదా" అని అడగొద్దు, దానికి ఎవరైనా లేదనే అంటారు. ఇలా అడుగు: ఇంకా ఇన్ని ఊళ్లున్నాయి, ఒక్కో ఊర్లో రెండు మూడు రాత్రులు ఉంటా, ఆ రోజుల్లో మీ అమ్మగారు ఫోన్ చేసి కోడలేది అంటే మీరేం చెప్తారు? ఇంకో ఏడాదిన్నర నా జీతం ఇంతే, అది కూడా టైంకి పడదు, ఇల్లు ఎలా నడుపుదాం? ఆయన అమ్మని ఎలా ఒప్పించాలో ఆలోచిస్తే మంచి గుర్తు, టైం అడిగినా పర్లేదు. అవన్నీ తర్వాత చూద్దాంలే అని నవ్వేస్తే మాత్రం ఆగి ఆలోచించు. ఎలినార్ ఆస్ట్రోమ్ అని 2009లో ఎకనామిక్స్‌లో నోబెల్ తీసుకున్న మొదటి మహిళ, ఆమె చదివింది నీ పొలిటికల్ సైన్సే, నేపాల్ పల్లెల్లో రైతులు నీళ్లెలా పంచుకుంటారో కూడా చూసిన మనిషి. ఆమె మొదటి భర్తని తన ఉద్యోగంతో లా చదివించింది, తీరా తను పీహెచ్‌డీ చేస్తానంటే ఆయన ఒప్పుకోలేదు, ఆ పెళ్లి నిలబడలేదు. నిన్ను భయపెట్టడానికి చెప్పట్లేదు, ఈ మాట పెళ్లికి ముందే తేలాలని చెప్తున్నా.

ఊళ్లల్లో ఉండే రాత్రుల గురించి వాళ్లమ్మగారి భయంలో కొంత న్యాయం ఉంది, దాన్ని పనితో తీర్చు. లాడ్జిలో కాకుండా డ్వాక్రా లీడర్ ఇంట్లోనో ఆశా వర్కర్ ఇంట్లోనో ఉండు, ఆ ఇంటి ఫోన్ నెంబర్ ఇంట్లో ఇచ్చి పో, కుదిరితే జూనియర్ అమ్మాయిని తోడు తీసుకుపో. ఎక్కడుంటున్నావో ఎవరింట్లో తింటున్నావో తెలిస్తే పెద్దవాళ్ల భయం సగం తగ్గుతుంది.

ఇక పిన్ని చెప్పిన ఆ లెక్చరర్ మాట, దాన్ని నిశ్చితార్థం దాకా పోనివ్వకు. రేపు వాళ్లకి బయట తెలిస్తే నీ చదువు మీద కాదు, నీ మాట మీదే నమ్మకం పోతుంది. పిన్నితో గొడవపడకు, ఆమె నీ మంచికోరే అంది. నాయన్ని నీతో ఒక ఊరికి తీసుకెళ్లొచ్చాక ఆయన చేతే అబ్బాయి వాళ్ల నాన్నగారికి ఫోన్ చేయించు. మా పాప ఇంకా లెక్చరర్ కాలేదండీ, సర్పంచ్‌ల మీద పరిశోధన చేస్తాంది, పూర్తి కావడానికి ఇంత కాలం పడుతుంది, మధ్యలో మాన్పించే ఉద్దేశం మాకు లేదు, మీకు సమ్మతమైతేనే ముందుకు పోదాం అని. ఆ ఫోన్ అయ్యాక అబ్బాయి నీకు తనంతట తాను ఫోన్ చేశాడా లేదా, చేసి ఏమన్నాడు, అది నాకు రాయి.