తాబేటి మెడ మీది జలగ

ఒంగోలు

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. కొత్తపట్నం ఒడ్డున చచ్చిపడిన తాబేలు చుట్టూ పాలెం పిల్లలు మూగడం, మీ అమ్మ వచ్చి వాళ్లను అదిలించి దాని కళ్ల మీద గుప్పెడు ఇసుక పోయడం దగ్గర కాగితాలు పక్కన పెట్టేశాను. కాసేపటిదాకా మళ్లీ చేతికి తీసుకోలేకపోయాను. అంత బాగా రాశావు. ఆ వెంటనే దాని మెడ మీది జలగలను చూపించి, ఇవే దీన్ని పీల్చి చంపేశాయి, వడ్డీ వ్యాపారి మా నాన్నను పీల్చినట్టే అన్నావు. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం గురించే.

జలగలు చంపాయని నీకు ఎవరు చెప్పారు?

కోపంతో అడగడం లేదమ్మా. నన్నూ ఒకరు ఇలాగే అడిగారు. నీ వయసులో ఉన్నప్పుడు మైపాడు ఒడ్డున వరసగా తాబేళ్ల కళేబరాలు చూసి, వలలవాళ్లే చంపేశారని ఒక పత్రికకు ఆవేశంగా రాశాను. అచ్చయింది. తర్వాత ఒకసారి అక్కడికి వెళ్తే, వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన తల ఎత్తకుండానే "కోసి చూశావా తల్లీ?" అన్నాడు. చూడలేదు. ట్రాల్ వలలో చిక్కిన తాబేలు పైకొచ్చి గాలి పీల్చుకోలేక చనిపోతుందన్నది నిజమే. మన తీరంలో అలా పోయేవి ఉన్నాయి కూడా. కానీ నేను రాసిన ఆ తాబేళ్ల సంగతి నాకు తెలియదు. తెలియకుండానే ఒక పాలెం మొత్తం మీద నేరం మోపాను. ఇప్పటికీ ఏదైనా రాయబోతే ఆయన మాటే ముందు వినిపిస్తుంది.

నీ జలగల దగ్గరికి వద్దాం. సముద్రపు తాబేళ్లను పట్టే జలగలు మన చెరువు జలగల్లాంటివి కావు. ఓజోబ్రాంకస్ అంటారు వాటిని. ఒంటికి రెండు పక్కలా వేళ్లలాంటి మొప్పలుంటాయి, ఒక జాతికి ఐదు జతలు, ఇంకో జాతికి ఏడు. మెడ మీద, కాళ్ల మొదట్లో, కళ్ల చుట్టూ, తోక కింద, ఎక్కడ చర్మం మెత్తగా ఉంటే అక్కడ చేరతాయి. గుడ్లు కూడా తాబేటి ఒంటి మీదే పెడతాయి. ఆ మెడే వాటి ఊరు. మరీ ఎక్కువైతే చర్మం పుండ్లు పడుతుంది, రక్తం తగ్గి తాబేలు నీరసిస్తుంది. పచ్చ తాబేళ్లకు ఒంటినిండా కంతులు లేచే జబ్బుతో ముడిపడ్డ హెర్పిస్ వైరస్‌ను ఒకదాని నుంచి ఇంకోదానికి ఈ జలగలే మోస్తుండవచ్చని పరిశోధకులు అనుమానిస్తున్నారు.

ఇక్కడిదాకా నీ వాక్యానికి బలమే. కానీ ఇంకో సంగతి ఉంది. ఏదో జబ్బుతో ముందే కుంగిన తాబేలు సరిగా ఈదలేదు, నీళ్ల పైన అలా తేలుతూ ఉండిపోతుంది. అలాంటి దాని మీదే జలగలూ, పెంకుకి కరుచుకునే గుల్లలూ గుంపులుగా పెరుగుతాయి. అంటే నువ్వు చావుకి కారణం అనుకున్నది జబ్బు వెనకాల వచ్చిందేమో. నీ కథలో ఈ రెండు దారులూ తెరిచే ఉండాలి. నువ్వు ఒకటి మూసేశావు.

ఒంటి లోపలి సంగతి ఇంకా చిక్కు. స్పైరార్కిడ్ అనే చదును పురుగులు తాబేటి గుండెలో, పెద్ద రక్తనాళాల్లో కాపురం పెడతాయి. అవి పెట్టిన గుడ్లు నెత్తుటితో పాటు కొట్టుకుపోయి మెదడులో, ప్లీహంలో, పేగు గోడలో ఇరుక్కుంటాయి. ఇరుక్కున్న ప్రతిచోటా ఒళ్లు వాచి చిన్న గడ్డ కడుతుంది. బయటపడిన గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు కొన్ని జాతుల్లో సముద్రపు నత్తల్లో పెరుగుతాయి, ఇంకొన్నిటిలో గొట్టం కట్టుకుని బతికే పురుగుల్లో. అక్కడి నుంచి మళ్లీ తాబేటి ఒంట్లోకి. చూడు, ఎంత ఓపిక! ఇవి బక్కచిక్కి చచ్చిన తాబేళ్లలోనూ కనిపిస్తాయి, పుష్టిగా తిరిగేవాటిలోనూ కనిపిస్తాయి. అందుకే జాగ్రత్త తెలిసిన డాక్టరు గుండెలో పురుగు దొరగ్గానే ఇదే చంపిందని రాసెయ్యడు. ఊపిరితిత్తులు చూస్తాడు, పేగులు చూస్తాడు, ఒంట్లో కొవ్వు ఎంత మిగిలిందో చూస్తాడు.

అలాగని ఏ పరాన్నజీవీ చంపదని కాదు. 1991లో ఆస్ట్రేలియాలో మోర్టన్ బే ప్రాంతంలో కొన్ని వారాల్లోనే కనీసం 70 పచ్చ తాబేళ్లు చచ్చిపోయాయి. కారణం కేరియోస్పోరా అనే ఒకే ఒక్క కణం ఉండే జీవి. కంటికి ఆనదు. ఒడ్డున నిలబడి చూసిన మనిషికి అక్కడ దోషి ఎవరూ కనిపించరు.

మన భాషలో పరాన్నభుక్కు అనే తిట్టు ఉంది. పరుల అన్నం తినేవాడు అని. మనుషులను తిట్టే ఆ మాట జలగకు అతికించినా, జలగను తెచ్చి మనిషికి అతికించినా, ఇద్దరూ మనకు కనిపించకుండా పోతారు. మీ వడ్డీ వ్యాపారిని జలగ అనేస్తే చదివేవాడికి అతను ముందే తెలిసిపోయినట్టు ఉంటుంది, ఇక చూడడు. నేను చూడాలనుకుంటున్నాను. నూటికి ఎంత వడ్డీ? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట ఆపేసిన రోజుల్లో అతను మీ గుమ్మంలోకి ఎన్నిసార్లు వచ్చాడు? చెప్పులు విప్పాడా? మీ నాన్న లేచి నిలబడ్డాడా? అది నీకు తెలుసు, నాకు తెలియదు. అది రాయి. తాబేలును తాబేలుగా ఉండనివ్వు. మీ అమ్మ చేతిలోని ఆ ఇసుక రెండిటినీ కలపగలదు, నువ్వు కలపనక్కర్లేదు.

చచ్చిన తాబేలు మళ్లీ కనిపిస్తే నువ్వు కోయబోకు, జలగలను వేళ్లతో పీకబోకు. అది చట్టం కాపాడే జంతువు, ఒడ్డున పడున్నా సరే. అటవీ శాఖవాళ్లకు చెప్పు. పశువుల డాక్టరు కోసే రోజున ఉండనిస్తే దూరంగా నిలబడి చూడు. ఏమేం దొరికాయో అడిగి రాసుకో. ఆయన తెలియదు అంటే అది కూడా రాసుకో.

జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి కదా, ఫిబ్రవరిలో కొత్తపట్నం వస్తాను. ఈలోపు ఒక పని చేసిపెట్టు. తాబేటి మెడ మీద ఉండే ఆ జలగను మీ పాలెంలో జలగ అనే అంటారా, ఇంకేదైనా పేరుందా? మీ నాన్నను అడిగి, ఆయన ఎలా పలికితే అలాగే రాసి పంపు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ