కుక్కల కేంద్రం రిజిస్టర్ చదవడం

చిరంజీవికి,

వీధికుక్కల్ని పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, తిరిగి వదిలే నగరపాలక సంస్థల కుక్కల కేంద్రాల్లో జరిగే కారుణ్య మరణాల మీద నువ్వు పంపిన చిత్తుప్రతి చదివాను. మొదటి వాక్యంలోనే ‘చంపేస్తున్నారు’ అన్నావు. అది నిజమే కావచ్చు. కానీ కాగితం చూపించాక రాయాల్సిన మాట అది.

ముందు నిబంధనలు బాగా చదువు. 2001 నాటి వాటి స్థానంలో 2023 మార్చిలో కొత్త జంతు జనన నియంత్రణ నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం నయం కాని జబ్బుతోనో, ఇక బతకనంత గాయంతోనో ఉన్న కుక్కకే కారుణ్య మరణం ఇవ్వాలి. ఆ సంగతి స్థానిక పర్యవేక్షక కమిటీ నియమించిన బృందం తేల్చాలి, మందు అర్హత గల పశువైద్యులే ఇవ్వాలి. పెంటోబార్బిటాల్ అనే మత్తుమందును నరంలోకి ఎక్కించాలి, లేదంటే ఆమోదం ఉన్న మరో బాధలేని పద్ధతి వాడాలి. ఇంకో కుక్క ఎదుట చెయ్యకూడదు. ప్రాణం పోయిందని నిర్ధారించుకున్నాకే కళేబరాన్ని తీయాలి. కారణం రాసి సంతకాలు పెట్టాలి. రేబిస్ అనుమానం ఉన్న కుక్క విషయంలో చాలామంది పొరబడతారు. దాన్ని విడిగా ఉంచి, సహజంగా చనిపోయేదాకా చూడాలనే నిబంధన చెబుతోంది. మామూలుగా పది రోజుల్లోపు పోతుంది. అందుకే కారణం గడిలో ‘రేబిస్ అనుమానం’ అని, చివరి గడిలో ‘కారుణ్య మరణం’ అని కనిపిస్తే అక్కడ ఆగి ప్రశ్న వెయ్యి.

మందు లెక్క విడిగా అడుగు. పెంటోబార్బిటాల్ మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉన్న మందు, తేలిగ్గా దొరకదు. దాంతో థయోపెంటోన్ లాంటి మత్తుమందులు వాడతారు. స్పృహ పూర్తిగా పోయేంత మోతాదు పడితే అందులో తప్పులేదు. స్పృహలో ఉన్న కుక్కకు మెగ్నీషియం సల్ఫేటో, పొటాషియం క్లోరైడో ఎక్కించడమే ఘోరం. కదలిక ఆగుతుంది, లోపల బాధ ఆగదు. కాబట్టి ప్రతి కేసులో కుక్క బరువు, మందు పేరు, ఎన్ని మిల్లీలీటర్లు, ఎవరిచ్చారు అన్నవి చూసి, స్టోరు రిజిస్టర్‌లో సీసాల లెక్కతో పోల్చు. బరువు గడి నిలువునా ఖాళీగా ఉంటే కొలవకుండా కంటి అంచనాతో ఇస్తున్నారన్నమాట. మరణాన్ని ఎలా నిర్ధారించారో కూడా అడుగు. ఊపిరి ఆగాక కూడా గుండె కాసేపు కొట్టుకోవచ్చు. స్టెతస్కోపు పెట్టి వినాలి, కనుగుడ్డు ముట్టుకుంటే స్పందన ఉండకూడదు. పెంటోబార్బిటాల్ కళేబరంలో నిలిచి ఉంటుంది, తిన్న గద్దలూ కాకులూ చస్తాయి. లోతుగా పూడ్చారా, కాల్చారా అన్నది అందుకే వ్యాసంలో ఉండాలి.

అసలు విషయానికొస్తాను. నీ దృష్టంతా ‘కారుణ్య మరణం’ అన్న గడి మీదే ఉంది. నిర్లక్ష్యం దాక్కునేది పక్కనున్న ‘చనిపోయినవి’ గడిలో. ఒక నెల లెక్క ఇలా ఉందనుకో: నెల మొదట్లో 60, కొత్తగా వచ్చినవి 400, మొత్తం 460. వదిలినవి 372, దత్తత 8, కారుణ్య మరణాలు 5, నెలాఖరుకు మిగిలినవి 55. కూడితే 440. ఆ 20 ఏమయ్యాయి? కుట్లు విడిపోయి పోయాయా, ఒకే బోనులో కుక్కి ఉంచితే పార్వో అంటుకుందా, డిస్టెంపర్ అనే మరో అంటురోగమా? సూది వెయ్యలేదు కాబట్టి ఇవి ఎవరి ఖాతాలోనూ పడవు. నడుము విరిగి మూడు రోజులు మూలుగుతూ పోయిన కుక్కదీ ఈ గడే. కారుణ్య మరణాలు తక్కువగా ఉన్నంత మాత్రాన కేంద్రం మంచిదని రాయకు. అమెరికాలో జంతు సంరక్షణ సంస్థలు లెక్కల కోసం 2004లో కుదుర్చుకున్న అసిలోమార్ ఒప్పందం పద్ధతిలో ‘ప్రాణాలతో బయటపడినవాటి శాతం’ లెక్కించేటప్పుడు, కేంద్రంలో తమంతట తాము చనిపోయినవాటిని లెక్కలోంచే తప్పిస్తారు. శాతం ఎవరు చెప్పినా, దేన్ని కలిపారు, దేన్ని తీసేశారని అడగడం అలవాటు చేసుకో.

2025 నవంబరు 7న సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లో పట్టిన కుక్కల్ని తిరిగి అక్కడే వదలవద్దంది. అలాంటివి కేంద్రంలోనే ఉండిపోతాయి కాబట్టి పై లెక్క వాటికి విడిగా వెయ్యాలి.

నువ్వు తప్పక పొరబడే చోటు ఒకటుంది. సీసీ కెమెరా దృశ్యాల్ని కేంద్రం కనీసం 30 రోజులు ఉంచాలి. సమాచార హక్కు దరఖాస్తుకు జవాబివ్వడానికీ 30 రోజుల గడువుంది. జవాబు వచ్చేసరికి దృశ్యం చెరిగిపోతుంది. అందుకని ఏ తేదీ, ఏ గంట దృశ్యాలు కావాలో రాసి, వాటిని చెరపకుండా భద్రపరచమని మొదటి రోజే విడిగా లేఖ ఇచ్చి, రసీదు తీసుకో. దరఖాస్తులో ‘కారుణ్య మరణాల వివరాలు’ అని రాస్తే ఒక అంకె పంపి ఊరుకుంటారు. పట్టిన ప్రాంతం, తేదీ, వదిలిన ప్రాంతం, రోజువారీ మరణాల రిజిస్టర్, మందుల స్టాకు పుస్తకం అని పేరుపేరునా అడుగు. దస్త్రాలు స్వయంగా చూస్తాననీ రాయి, ఆ హక్కు నీకుంది.

‘నిద్రపుచ్చారు’ అని మాత్రం ఎక్కడా రాయకు. అది చావును కప్పేసే మాట. అలాగే సూది పట్టుకున్న డాక్టరునో, కుక్కల బండి మీద వచ్చేవాళ్లనో దోషులుగా నిలబెట్టకు. రోజుకి ఎన్ని ఆపరేషన్లకు ఎంతమంది డాక్టర్లున్నారు, ఎన్ని బోనులున్నాయి, కుక్కకింతని ఇచ్చే బిల్లును ఎవరు తనిఖీ చేసి సంతకం పెట్టారు అన్నవి కనుక్కుంటే, బాధ్యత ఎవరిదో ఆ సంతకాల దగ్గర తేలుతుంది.

మూడు నెలల రిజిస్టర్ నకళ్లు చేతికొచ్చాక లెక్క కట్టి, తేడా ఎంతొచ్చిందో నాకు రాయి. తరవాత మొదటి వాక్యం సంగతి చూద్దాం.

ఆశీస్సులతో.