కమ్యూనిటీ కాలేజీ ప్రాంగణ ప్రణాళికను సవరించేటప్పుడు ముందుగా ఏం చూడాలి?

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలు దీర్ఘకాలిక ప్రాంగణ ప్రణాళికను సవరించేటప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలన్నది ప్రశ్న. బోధన ప్రణాళికతోనే మొదలుపెట్టాలి. ఏ కోర్సులు పెరుగుతాయో, ఏవి ఆన్‌లైన్‌కు మళ్లుతాయో తేలకుండా భవనాల నమూనాలు గీయించడం వృథా. తరువాత ఉన్న గదుల సామర్థ్యాన్ని వాటి అవసరం ఉన్న బోధన గంటలతో పోల్చి చూడాలి. ఈ నిష్పత్తి 100 శాతం దాటిందంటే చోటు ఇప్పటికే మిగులుతున్నట్టు లెక్క కాబట్టి, కొత్త తరగతి గదులకు రాష్ట్ర నిధులు అడగడం కష్టమవుతుంది. మధ్యాహ్నం రెండు దాటగానే తాళం పడే తరగతి గదులు ఒకవైపు, సగం బల్లలకు గ్యాస్ అందని రసాయన ప్రయోగశాల మరోవైపు ఉంటే, నా దృష్టిలో ఆ ప్రయోగశాలే ముందు బాగుపడాలి. ఇక స్థానికంగా నిధులు సమకూర్చుకోవాలంటే, 2000లో కాలిఫోర్నియా ఓటర్ల ఆమోదం పొందిన 39వ ప్రతిపాదన ప్రకారం కాలేజీ నిర్మాణాల కోసం అప్పు తెచ్చే స్థానిక బాండ్లకు 55 శాతం ఓట్లు చాలు. అయితే చేపట్టే పనుల జాబితాను ఓటర్ల ముందుంచాలి గనుక, ప్రణాళిక సవరణ అంతకుముందే పూర్తికావాలి.