కథ ముందే తెలిసినప్పుడు ‘ఈడిపస్’ నాటకంలో చూడ్డానికి ఏముంటుంది?

తండ్రిని చంపి తల్లిని పెళ్లాడతాడని లోకమంతటికీ తెలిసిందే కదా, ఇంక రెండు గంటలు కూర్చుని ఏం చూడాలి అని అడిగారు. ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ రాసిన ఈ నాటకాన్ని దర్శకుడు రాబర్ట్ ఐక్ కొత్తగా తీర్చిదిద్దాడు. ఆ ‘ఈడిపస్’ను 2024 చివర్లో లండన్ విండమ్స్ థియేటర్‌లో చూశాను. దాన్నిబట్టి చెబుతున్నా.

మన శ్రీకృష్ణ రాయబారానికి సంధి కుదురుతుందేమో చూద్దామని ఎవరూ వెళ్లరు. ఇక్కడా అంతే. ఏం జరుగుతుందో మనకు తెలుసు, అతనికి తెలియదు. టెన్షన్ అంతా అక్కడే.

ఇందులో ఈడిపస్ రాజు కాదు, నేటి కాలపు రాజకీయ నాయకుడు. ఎన్నికల ఫలితాల రాత్రి, ప్రచార ఆఫీసులో కథ నడుస్తుంది. ఫలితానికి ఇంకెంతసేపుందో చూపిస్తూ స్టేజీ మీద డిజిటల్ గడియారం సెకన్లతో సహా తగ్గుతూ ఉంటుంది. ఇంటర్వెల్ కూడా లేదు. తన బర్త్ సర్టిఫికెట్ బయటపెడతానని, పాత నాయకుడు లాయస్ (అతని కన్నతండ్రి ఈయనే, అది అతనికి తెలియదు) ఎలా చనిపోయాడో విచారణ జరిపిస్తానని ఆ మనిషి మొదట్లోనే మీడియా ముందు మాటిచ్చేస్తాడు. తన గోతిని తనే తవ్వుకోవడమంటే ఇదే!

నాకు బాగా పట్టేసింది మాత్రం మెరోపీ, అంటే పెంచిన తల్లి. సోఫోక్లిస్ నాటకంలో ‘నిన్ను పెంచినవాళ్లకు నువ్వు కన్నకొడుకువి కాదు’ అనే సంగతి అతను పెరిగిన ఊరు కొరింథ్ నుంచి వచ్చిన దూత చెబుతాడు. ఐక్ ఆ పని తల్లికి అప్పగించాడు. కొడుకుతో ఒంటరిగా మాట్లాడాలని ఆ పెద్దావిడ వచ్చి కూర్చుంటుంది. అతనేమో ఆ మాట వాయిదా వేస్తూనే ఉంటాడు. ఫలితం హడావిడి, కుటుంబంతో భోజనం, పిల్లలు. ఇంకోపక్క పనివాళ్లు ఆఫీసు సామాన్లు ఒక్కొక్కటే మోసుకుపోతుంటారు. ‘అయ్యా, ఆవిడ మాట కాస్త విను’ అని అరవాలనిపించింది.

ఈడిపస్ భార్య, నిజానికి కన్నతల్లి అయిన జొకాస్టాగా వేసిన లెస్లీ మాన్‌విల్‌కు 2025లో బ్రిటన్ నాటకరంగపు ఆలివియర్ అవార్డుల్లో ఉత్తమ నటి అవార్డు వచ్చింది. లాయస్ తనను చిన్నతనంలో ఏం చేశాడో ఆవిడ చెబుతున్నంతసేపూ హాల్లో ఎవరూ దగ్గలేదు కూడా.

గ్రీకు నాటకాల్లో కథ మీద వ్యాఖ్యానిస్తూ పాడే బృందం, అదే కోరస్, ఐక్ నాటకంలో లేకపోవడం మాత్రం నాకు లోటే. 2025 మొదట్లో ఓల్డ్ విక్‌లో వచ్చిన వేరే ‘ఈడిపస్’లో నృత్య దర్శకుడు హోఫెష్ షెక్టర్ కోరస్‌ను డాన్సర్లతో చేయించాడు. ఆ డాన్స్ అదిరింది కానీ మాటలు మొదలవగానే ఊపు తగ్గిపోయేది.

సోఫోక్లిస్ మూలం ముందే చదవాలా అంటే, అక్కర్లేదు. చూసొచ్చాక చదవండి. అందులో మెరోపీ పేరు వినబడుతుందే తప్ప మనిషి స్టేజీ మీదకే రాదు.