కస్టమ్స్ ఆపిన రోమన్ వెండి నాణెం: పాత తేదీతో ఉత్తరం తీసుకోవచ్చా?

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్నాను. తాతయ్య అణాల డబ్బా చూపించినప్పటి నుంచీ నాకు నాణేలంటే ప్రాణం. రోమన్ చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ కాలపు ద్రాక్మా అనే వెండి నాణెం ఒకటి జర్మనీ వ్యాపారి దగ్గర కొన్నాను. కప్పదోకియాలోని కైసరియాలో ముద్రించింది. కస్టమ్స్ వాళ్లు ఆపేసి 52 రోజులైంది. నిద్ర పట్టడం లేదు. తన తాతగారి కలెక్షన్‌లోదని పాత తేదీ వేసి ఉత్తరం ఇస్తానంటున్నాడు వ్యాపారి. తీసుకోమంటారా?

జవాబు: ముట్టుకోవద్దు. తప్పని తెలిసీ ఆ కాగితం కస్టమ్స్‌కు ఇచ్చారా, నాణెం సంగతి పక్కకుపోయి మీమీదే క్రిమినల్ కేసు పడుతుంది. అమెరికా ప్రభుత్వానికి తప్పుడు వాంగ్మూలం ఇస్తే ఐదేళ్ల వరకు జైలు. గ్రీన్ కార్డు మీదో వీసా మీదో ఉంటే ఆ చిక్కు వేరే.

కైసరియా అంటే నేటి టర్కీలోని కైసెరి. ఆ దేశంతో కుదిరిన ఒప్పందం ప్రకారం 2021 జూన్ నుంచి అక్కడి రోమన్ ప్రావిన్షియల్ నాణేల (రోమ్ ఏలుబడిలోని ప్రాంతాల్లో ముద్రించినవి) దిగుమతిపై అమెరికాలో ఆంక్షలున్నాయి. మీరు నిజాయితీగా కొన్నారన్నది ఇక్కడ అక్కరకు రాదు. నాణెం మీద అర్గేయస్ అనే కొండ బొమ్మతో పాటు కనిపించే సంవత్సరం చక్రవర్తి పాలనా సంవత్సరం మాత్రమే. కస్టమ్స్‌కు కావలసింది అది టర్కీ దాటిన ఏడాది. ఆంక్షలకు ముందే దాటిందని చూపగలిగితే నాణెం మీ చేతికొస్తుంది.

అందుకు రెండు కాగితాలు కావాలి. మీకు తెలిసినంతవరకు అది ఆంక్షలు మొదలైన తేదీకి ముందే టర్కీ నుంచి బయటికొచ్చిందని మీ ప్రమాణపూర్వక ప్రకటన ఒకటి. అమ్మిన వ్యక్తి రాతపూర్వక ప్రకటన రెండోది. అతనికి తేదీ కచ్చితంగా తెలియకపోయినా చట్టం ఒప్పుకుంటుంది, కానీ ఎందుకలా నమ్ముతున్నాడో కారణాలు రాయాలి. పాత వేలం కేటలాగులో లాట్ నంబరు, పాత ఇన్వాయిస్, నాణెంతో వచ్చిన చీటీ ఉంటే బలం. చేత్తో కొట్టిన నాణేలు ఏ రెండూ ఒకేలా ఉండవు కాబట్టి, కేటలాగు ఫోటోలో అంచు పగులు కలిసినా మంచి సాక్ష్యమే. ‘పాత కలెక్షన్ నుంచి’ అన్న ఒట్టి మాట మాత్రం సాక్ష్యం కాదు. ఇవన్నీ డబ్బు కట్టకముందు అడగాల్సినవి. 52 రోజులు ఊరికే పోగొట్టుకున్నారు!

విడుదలకు నిరాకరించిన నాటి నుంచి గడువు 90 రోజులు. ఆపిన రోజే నిరాకరించారనుకుంటే మీకు మిగిలింది 38. ఈ రోజే వ్యాపారికి ఈమెయిల్ పెట్టి, ఉన్న కాగితాలన్నీ పంపమనండి. ఆలస్యమయ్యేలా ఉంటే, కారణం చూపి గడువు పెంచమని కస్టమ్స్‌కు రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. గడువు దాటాక జప్తు నోటీసు వస్తే, పంపిన తేదీ నుంచి 30 రోజుల్లో పిటిషన్ వేయాలి. పంపిన తేదీకి ఆధారం కాబట్టి నోటీసు వచ్చిన కవరు పారేయకండి. నిజమైన కాగితం ఒక్కటీ దొరక్కపోతే నాణెం వదులుకుని, వ్యాపారి నుంచి డబ్బు వెనక్కి రాబట్టుకోండి. కార్డుతో కట్టి ఉంటే ఫిర్యాదు గడువెంతో బ్యాంకును ఇప్పుడే అడగండి.